తాబేలు తాత వదిలేసిన విస్తరి

తుమ్మలవాగు పక్కనున్న అడవికి ఏడాదికొకసారి కోతుల మేళం వచ్చి నాటకం ఆడుతుంది. ఆ రోజు పొద్దు వాలకముందే అందరూ తిండి ముగించి, చాపలు చంకన పెట్టుకుని మైదానానికి బయల్దేరతారు. తినకుండా వెళ్తే నాటకం మధ్యలో కడుపు గోల పెడుతుంది. పక్కవాడికి రాజుగారి మాటల కంటే అదే బాగా వినబడుతుంది. అందుకని ఆ సాయంత్రం ఎక్కడ తినాలన్నది చిన్న విషయమేమీ కాదు.

ఎద్దు భూషయ్యకు ఏనాడూ ఆ బెంగ లేదు. ఆయన భోజనం వాగుకు అవతల కోడి చుక్కమ్మ పూటకూళ్లింట్లోనే. ఉలవగుగ్గిళ్లు, ఒక తొట్టి కుడితి, అంతే. చుక్కమ్మ నోరు కాస్త దురుసు. నాటకం రోజైతే ఎవరినీ కుదురుగా కూర్చోనివ్వదు.

"ముందు మింగండి భూషయ్యగారూ. నెమరు వేసుకోడానికి నాటకంలో బోలెడంత టైముంది" అని తరిమేది.

ఈ ఏడు భూషయ్యకు తొందర ఇంకా ఎక్కువ. నాటకం మొదట్లో ఎప్పుడూ ప్రార్థన పాడే కోయిలకు గొంతు పట్టేసింది. మేళం పెద్ద ఎందరినో అడిగి, చివరికి ఒప్పుకున్న ఒకే ఒక్కదానికి ఆ పాట ఇచ్చాడు. ఆమె గాడిదపిల్ల కోమలి. ఆ సంగతి విని అడవిలో నవ్వనివాళ్లు లేరు. సాయంత్రాలు ఆమె సాధన చేస్తుంటే, చెవులు మూసుకోకుండా ఎదురుగా కూర్చున్నది భూషయ్య ఒక్కడే. తల్లి లేని పిల్ల. ఆయన్ని పెదనాన్నా అంటుంది. పాట అద్భుతంగా ఉందని ఆయన ఏనాడూ అబద్ధం చెప్పలేదు. "నిన్నటి కంటే నయం తల్లీ" అనేవాడు. నిజంగానే రోజూ నిన్నటి కంటే నయంగానే ఉండేది.

ఆ పొద్దున కోమలి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"పెదనాన్నా, అక్కడ అందరూ నవ్వుతారు. నువ్వు ముందు కనబడితే నీకే పాడుతున్నాననుకుంటా. కనబడకపోతే నాకు నోరు పెగలదు."

"ముందు వరసలోనే ఉంటా. ఇదిగో, మాట" అన్నాడు భూషయ్య.

ముందు వరస ఎవరు ముందొస్తే వాళ్లది. దానికంటే ముందు ఇంకో చాప ఉంటుంది గానీ, అది పెద్దచాప. అడవిలో అందరికంటే వయసులో పెద్దవారికీ, వారిని వెంటబెట్టుకుని వచ్చినవారికీ తప్ప దానిమీద కూర్చునే హక్కు లేదు. అది ఏటా ఖాళీగానే ఉండేది కాబట్టి దాని సంగతి ఎవరూ పట్టించుకోరు.

సాయంత్రం భూషయ్య వాగు వైపు నడుస్తుంటే, మైదానం పక్కనే కొత్తగా పెట్టిన భోజనశాల ముందు నక్క సోమలింగం చేతులు జోడించి నిలబడ్డాడు.

"అన్నా, వాగు దాటి వెళ్లి, తిని, మళ్లీ వాగు దాటి రావాలా? నీ మోకాళ్లకు నోరుంటే నిన్ను తిట్టిపోసేవి. ఇక్కడ తింటే చెయ్యి కడుక్కుని నాలుగడుగులు వేస్తే నాటకమే."

"చుక్కమ్మ ఎదురుచూస్తుందిరా."

"రేపు వెళ్దువు. పాప పాట ముఖ్యమా, గుగ్గిళ్లు ముఖ్యమా?"

ఆ మాటకు భూషయ్య మెత్తబడ్డాడు. దగ్గరైతే తొందరగా అయిపోతుందనుకున్నాడు. అందులో తప్పు పట్టడానికీ లేదు. లోపల పంక్తి వేసి ఉంది. గేదెలు, జింకలు, మేకలు బారుగా కూర్చున్నాయి. అందరికీ మొదట, పచ్చటి అరిటాకు ముందు, అడవిలో అందరికంటే పెద్దవాడైన తాబేలు తాత కూర్చుని ఉన్నాడు.

సోమలింగం గొంతు సవరించుకున్నాడు. "మాది సంప్రదాయం గల ఇల్లండీ. పంక్తిలో పెద్దవారు లేవందే ఎవరూ లేవకూడదు. విస్తళ్లు ఎత్తందే ఇంటివాడు గడప దాటకూడదు. ఈ రెండూ తప్పితే ఇంటికి అరిష్టం."

అడవిలో అందరికీ తెలిసిన మర్యాదే కాబట్టి అందరూ తలలూపారు.

వడ్డన బాగానే సాగింది. భూషయ్య చుక్కమ్మ నేర్పిన అలవాటు ప్రకారం గబగబా మింగేసి తలెత్తాడు. తాబేలు తాత ఒక తోటకూర ఆకును ఇటునుంచి కొరుక్కుంటూ అటు చివరికి వెళ్తున్నాడు. అది అయిపోవస్తుందనగా సోమలింగం పరుగెత్తుకొచ్చి ఇంకో గరిటె వేశాడు.

"తాతగారూ, మీరు మా ఇంట చెయ్యి కడగడమే మా భాగ్యం. ఇంకొంచెం."

తాత ఆ కొంచెం మొదలుపెట్టాడు. అది ముగిసేలోగా మరో కొంచెం వచ్చింది. పంక్తిలో అందరూ ఖాళీ ఆకుల ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ఒక గేదెమ్మ కునుకు కూడా తీసింది.

భూషయ్య కిటికీలోంచి మైదానం వైపు చూశాడు. పొరుగడవి నుంచి వచ్చిన సోమలింగం చుట్టాలు, వాళ్లతోపాటు అతని పెళ్లాం, తమ్ముళ్లు, వడ్డన చేసే బావమరుదులతో సహా అందరూ ముందు వరసంతా చాపలు పరిచేసుకుని కాళ్లు చాపుకుని కూర్చున్నారు. అప్పుడు అర్థమైంది ఆయనకు. ఇది భోజనశాల కాదు, తాళం వేయని బందెలదొడ్డి.

"సోమలింగం" అని పిలిచాడు. "మమ్మల్ని కూర్చోబెట్టి నీవాళ్లకు ముందు వరస ఇచ్చావన్నమాట."

"ఎంత మాటన్నా. పెద్దాయన తింటున్నారు, నేనేం చెయ్యను?" అని సోమలింగం మూతి తుడుచుకున్నాడు. "ఒక మాట చెప్పనా, ఏమనుకోకు. ఏటా నువ్వు ముందు కూర్చుంటే వెనకున్నవాడికి నీ మూపురం తప్ప నాటకం కనబడదు. ఒక్క ఏడు మావాళ్లను చూడనీ."

మైదానంలో మద్దెల సరిచూసుకుంటున్న చప్పుడు వినబడింది. అక్కడ తెర వెనక కోమలి తొంగి చూస్తూ ఉంటుంది. ఆయన కోసం వెతుకుతూ ఉంటుంది. లేచి పోదామా అంటే, నిండు పంక్తిలో పెద్దవాణ్ణి అవమానించినట్టు. ఆయన అలాంటి పని ఎన్నడూ చేయలేదు. కూర్చున్నచోటు నుంచే తాత వైపు వంగాడు.

"తాతా, ఈ రోజు నాటకం ఉందని తెలుసు కదా?"

"తెలుసు నాయనా. అందుకే పెందలాడే తింటున్నాను" అన్నాడు తాత, నములుతూ. "ఎలాగూ నేను వెళ్లేసరికి అయిపోతుందనుకో. ఇన్నేళ్లలో నేను విన్నది మంగళం పాట ఒక్కటే. నాటకం ఎలా మొదలవుతుందో నాకు తెలియదు."

"మరి ఎవరినైనా తీసుకెళ్లమని అడగలేకపోయావా?"

"ఎవరూ రమ్మనలేదు. నేనూ అడగలేదు."

ఏటా ఆ పెద్దచాపను ఖాళీగా చూస్తూ దాని పక్కనే కూర్చున్నవాడు భూషయ్య. తనకు అవసరం పడేదాకా ఆ ముసలాయన మాటే తట్టనందుకు సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గుతోనే ఉన్నదున్నట్టు చెప్పాడు.

"తాతా, నా బిడ్డ ప్రార్థన పాడుతోంది. నేను ముందు కనబడకపోతే పాడలేదు. నువ్వు లేస్తే గానీ నేను లేవకూడదు. నా వీపెక్కు. నాటకం మొదటినుంచీ చూద్దువు గాని."

తాబేలు తాత నమలడం ఆపేశాడు. అంత వయసులో ఆయన అంత తొందరగా ఏ పనీ చేసి ఉండడు. సగం కొరికిన తోటకూరను ఆకులోనే వదిలి, నీళ్లచెంబు అందుకుని చెయ్యి కడిగేసుకున్నాడు. పంక్తి మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడింది.

"తాతగారూ, విస్తట్లో వదిలేసి లేస్తారా?" సోమలింగం గొంతు కీచుమంది.

"నీ వంట బాగుంది నాయనా. రేపూ వండుతావు. నాటకం రేపుండదు" అన్నాడు తాత, భూషయ్య వీపు మీదికి పాకుతూ.

సోమలింగం వాళ్ల వెనకే పరుగెత్తబోయి గడప దగ్గర ఆగిపోయాడు. వెనక్కి చూస్తే బారెడు పంక్తి, బోలెడు ఎంగిలాకులు. ఎత్తడానికి ఇంట్లో పిల్లకాకి లేదు. చాపల మీద కూర్చోడానికి అందరినీ తనే పంపేశాడు. వెళ్లిపోతున్న గేదెమ్మ వెనక్కి తిరిగి, "విస్తళ్లు ఎత్తండి సోమలింగంగారూ, ఇంటికి అరిష్టం" అని గుర్తుచేసి మరీ వెళ్లింది.

తాబేలు తాతను మొదటి మద్దెల దెబ్బకు ముందే మైదానంలో చూసి మేళం పెద్ద పరుగున ఎదురొచ్చాడు. పెద్దచాప దులిపి తాతను కూర్చోబెట్టారు. తెచ్చినవాడు కాబట్టి భూషయ్య ఆయన పక్కన, ముందు వరసకు కూడా ముందు, తన మూపురంతో సహా కుదురుగా కూర్చున్నాడు. వెనక సోమలింగం చుట్టాలు మెడలు అటు తిప్పి ఇటు తిప్పి చివరికి ఆయన వీపునే చూస్తూ ఉండిపోయారు.

తెర లేచింది. కోమలి బిత్తరచూపులు చూసింది. ఎదురుగా పెదనాన్న కనబడ్డాడు. నోరు తెరిచింది. కోయిల పాటలా లేదు గానీ, మైదానం చివరున్నవాళ్లకు కూడా ప్రతి మాటా వినబడింది. నవ్వడానికి సిద్ధపడి వచ్చినవాళ్లు నవ్వడం మరిచిపోయారు. తాబేలు తాత కళ్లు తుడుచుకుని, "ఇలా మొదలవుతుందన్నమాట" అన్నాడు. భోజనశాలలో ఆకులు ఎత్తుతున్న సోమలింగానికీ ఆ పాట వినబడింది. చూడటమే కుదరలేదు.

పాట అయ్యాక ఎవరో భూషయ్య భుజం మీద ముక్కుతో పొడిచారు. చుక్కమ్మ, మోదుగాకులో చుట్టిన మూటతో.

"సోమలింగం దగ్గర తిని వచ్చానమ్మా" అన్నాడు భూషయ్య తలెత్తకుండా. "నీ గుమ్మం దాకా రానందుకు నీ మొహం చూడలేకపోతున్నాను."

"వాడి వడ్డన నాకు తెలుసు. ఆకు నిండుతుంది గానీ మనసు నిండదు. వాగు దాటి వచ్చేసరికి గుగ్గిళ్లు కాస్త చల్లారాయి. తినండి. నెమరు తర్వాత."

భూషయ్య మూట విప్పి సగం తాత ముందు పెట్టాడు. ఇన్నేళ్లూ ఆ తరమడమంతా తన కోసమేనని ఆయనకు ఆ పూట తెలిసింది. "నీ రుణం తీర్చుకోలేను చుక్కమ్మా" అన్నాడు. ఆమె వినిపించుకోకుండా, పాట బాగా పాడావని కోమలికి చెప్పడానికి తెర వెనక్కి వెళ్లిపోయింది.

అన్నం ఎవరైనా పెడతారు. మన పనికి ఆలస్యమవుతుందని మనల్ని లేపి పంపేవాళ్లే మనవాళ్లు.