గీత అవతల నవ్వు

ఏటి ఇసుక మీద మంచు ఇంకా లేవకముందే, కలలో నడిచినట్టు మేకపిల్లలూ గొర్రెపిల్లలూ చెడుగుడు ఆటకు వచ్చేవి. పిల్లలంటే పాలు మరిచి, కొమ్ములు మొలుస్తున్న వయసువి. ఆట నేర్పేది బీరయ్య అనే ముసలి పొట్టేలు. నడిమి గీత తన కొమ్ముతోనే గీసేవాడు. వెంట్రుకంత వంకరపోయినా చెరిపి మళ్ళీ గీసేవాడు.

అతని కంట్లో నలుసు చుక్కి అనే మేకపిల్ల. కూతకు వెళ్ళి సగంలో కిసుక్కున నవ్వేది. ఊపిరి తెగి దొరికిపోయేది. దాన్ని చూసి మిగిలినవీ పడీపడీ నవ్వేవి. పోయిన నెల గేదెదూడల జట్టు ముందు అలాగే నవ్వి సొంత జట్టునే ఓడించిన సంగతి బీరయ్యకు ఈనాటికీ మింగుడుపడలేదు.

తుప్పల్లోంచి ఇదంతా నక్క చూస్తుండేది. గుంపు చెదిరితే తప్ప దానికి ముద్ద దొరకదు. ఒకరోజు వచ్చి, ఇలాంటి గురువు ఏ అడవిలోనూ లేడని పొగిడి, చివర్న మెల్లగా అంది: "ఆ నవ్వులమారిని వెళ్ళగొట్టు మామా. మిగిలినవి భయానికి సింహాలవుతాయి."

ఆ మాట బీరయ్యకు తేనెలా దిగింది. మర్నాడే చుక్కిని బయటికి పంపేశాడు. నవ్వుకోవాలంటే మీ దొడ్లో నవ్వుకోమన్నాడు. అది తల వంచుకుని మంచులో కలిసిపోయింది.

ఆ తర్వాత ఒకదానికి కాలు నొప్పి, ఒకదానికి గట్టు మీద లేత గడ్డి పని. చుక్కి లేని కూత ఏం కూత అని వాటిలో అవి అనుకున్నది బీరయ్య చెవిన పడలేదు. చివరికి ఒక తెల్లవారుజామున గీత గీసుకుని అతనొక్కడే నిలబడ్డాడు. మంచులోంచి నక్క వచ్చింది.

"పిల్లలు రాలేదా మామా?"

"వస్తారు."

"రారులే. నేనొచ్చాగా," అంటూ గీత దాటి అతని గొంతు వైపు చూసింది.

అప్పుడు ఇసుకదిబ్బ వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వెంటనే గుంపంతా నవ్వింది. తనకు చెప్పకుండా అక్కడ ఆట సాగుతోంది. తను వెళ్ళగొట్టినదాన్నే పేరు పెట్టి పిలవడం బీరయ్యకు నక్క పళ్ళకంటే కష్టమనిపించింది. అయినా పిలిచాడు.

"చుక్కీ, కూతకొచ్చాడమ్మా ఒకడు. వదలకండి."

మంచు కదిలింది. కొమ్ములు మొలిచీ మొలవని తలలన్నీ గొలుసుకట్టి నక్కను చుట్టేశాయి. గీత అందనివ్వకుండా కుమ్మికుమ్మి, ఊపిరి తెగాక ఏట్లోకి తోశాయి. తోక తడుపుకుని అది అవతలి ఒడ్డుకు ఈదుతుంటే చుక్కి నవ్వాపుకోలేక ఇసుకలో దొర్లింది.

బీరయ్య గీత వైపు చూశాడు. తొక్కుళ్ళకు అంతా చెరిగిపోయింది.

"రేపు పెందలాడే రా," అన్నాడు ఎటో చూస్తూ. "గీత నువ్వే గియ్యి. వంకరైతే మాత్రం ఊరుకోను."

పిల్లలు ఆటకు వచ్చేది గెలుపు కోసమే అనుకున్న గురువుకు చివరికి గీత ఒక్కటే మిగులుతుంది.