తామర పూసిన ఇల్లు

గవిరయ్య ఇంట్లో తెలివి కుండలకొద్దీ ఉండేది. మనుషులు ముగ్గురు, తువాలు ఒకటి. "మూడు తువాళ్ళు తడుపుకోడం బుద్ధిలేనోళ్ళ పని. ఒకటి తడిపితే ముగ్గురం తుడుచుకోవచ్చు!" అనేవాడు. అతను తుడుచుకున్నాక పెళ్ళాం పైడమ్మ, ఆవిడ తుడుచుకున్నాక తమ్ముడు ఎర్రయ్య. ఆ తువాలు ఏనాడూ ఆరిన పాపాన పోలేదు. ఇంకేముంది, తువాలుతో పాటు దురదని కూడా ముగ్గురూ సమానంగా పంచుకున్నారు.

సంత దగ్గర సత్యంబాబు కొట్టు ముందు వాళ్ళ బజ్జీల బండి ఉండేది. గవిరయ్య ఒక చేత్తో బజ్జీ వేసి, రెండో చేత్తో నడుం గోక్కునేవాడు. జనం ఆ రెండో చేతిని చూసి పక్క బండికి నడిచేవారు.

సత్యంబాబు చూసి చూసి, "ఒరే గవిరయ్యా, వచ్చే సంతకి ఈ గోకుడు మానాలి. లేదంటే చోటు ఇంకొకడికి ఇచ్చేస్తాను," అన్నాడు.

బండి లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు మరి. ముగ్గురూ ఆస్పత్రికి పరిగెత్తారు. అక్కడ బెంచీ నిండా గోక్కునేవాళ్ళే.

డాక్టరమ్మ గుండ్రటి మచ్చలు చూసింది. "తామర. చెమట, తడిబట్టలు, ఒకరి తువాలు ఒకరు వాడుకోడం. నా దగ్గరికొచ్చే సగంమందిది ఇదే కథ. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, జాగ్రత్త. ఒళ్ళు పొడిగా ఉంచండి. ఈ మందు రెండు పూటలా పూయాలి," అని మందు గొట్టం చేతిలో పెట్టింది.

గవిరయ్య ఒక్క మాట కూడా మర్చిపోలేదు. వచ్చిన చిక్కంతా అదే.

ఇంటికొస్తూనే ఎర్రయ్య మోచెయ్యి పైడమ్మకి తగిలింది. "ఓలమ్మో, అంటుకుంటాది!" అని ఆవిడ కేక. అంతే, గవిరయ్య బిందెడు నీళ్ళు తెచ్చి ఇద్దరి మీదా గుమ్మరించాడు. "మంట లేవకముందే ఆర్పేశాను," అన్నాడు గర్వంగా.

"ఆర్పావు సరే అన్నియ్యా, ఒళ్ళు పొడిగా ఉండాలంది కదా?"

"పొడికేం లోటురా మనింట్లో!" అని శనగపిండి డబ్బా తీశాడు. ముగ్గురూ తలనుంచి కాళ్ళదాకా పట్టించుకున్నారు. తడి ఒళ్ళు, శనగపిండి. ఇంకేముంది, నూనెలో వెయ్యడం ఒక్కటే తక్కువ. చీమలు బంధువుల్ని కూడా పిలుచుకొచ్చాయి.

ఇక మందు. "తామర కదా, బురదలోనే పూస్తాది," అంది పైడమ్మ. తొట్టిలో బురద కలిపి గొట్టాన్ని నిలువుగా నాటారు. పొద్దునా సాయంత్రం ముగ్గురూ దాని ముందు కూర్చుని, గోక్కుంటూ, ఎదురుచూశారు.

సంత రేపనగా గవిరయ్య మళ్ళీ ఆస్పత్రికి పోయి వాపోయాడు. "అమ్మా, మందు పూయలేదు."

"ఎందుకు పూయలేదయ్యా?"

"అదే మేమూ అడుగుతున్నాం తల్లీ. మొగ్గయినా వెయ్యలేదు!"

సంగతంతా విని డాక్టరమ్మ తల పట్టుకుంది. "పువ్వు పూయడం కాదయ్యా! మచ్చల మీద మందు రాయాలి. రాయాలి, తెలిసిందా?"

"ఆ మాట ముందే అంటే పోయేది కదమ్మా!" అని ఆవిడకే బుద్ధి చెప్పి వచ్చాడు.

పైడమ్మ కొత్తగా అక్షరాలు నేర్చుకున్న మనిషి. పెన్ను తీసి, నాలుక కరుచుకుని, ప్రతి మచ్చ మీదా 'మందు' అని గుండ్రంగా రాసింది. ఎర్రయ్య వీపు మీద మచ్చలు చిన్నవి. ఒకదాని మీద 'మం', పక్కదాని మీద 'దు' పడ్డాయి.

తెల్లారి సంతలో చొక్కాలు విప్పి, రాత కనబడేలా అన్నదమ్ములు బండి వెనక నిలబడ్డారు. ఎన్నడూ లేని జనం! అందరూ మగాళ్ళే. "మందిక్కడ దొరుకుతాదా? సీసా ఎంత?" అని ఒకటే తోపులాట. బండి ఒరిగి, పిండి గిన్నె సత్యంబాబు గుమ్మంలో బోర్లా పడింది.

సత్యంబాబు నిప్పులు కక్కుతూ వచ్చాడు. "గోకుడు తగ్గించుకు రమ్మంటే కల్లుపాక తెరిచావేంట్రా! చాలు. ఖాళీ చెయ్యి!"

గవిరయ్య ప్రాణం కుదుటపడింది. ఇంతేనా అడిగింది? అరచెయ్యి చాచి అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"ఇదిగో బాబూ, ఖాళీ చెయ్యి. రెండోది అడక్కండి, అది గోకుడు పనిలో ఉంది."