మామగారి కాళ్ళూ, మొగసాల దీపమూ

ఒకానొక రాజ్యంలో రాజుగారి కంటే రాజుగారి దీపానికే ఎక్కువ పేరుండేది.

రాజు పేరు ఉద్దండరాయుడు. పొరుగు రాజు కొలువుకూటంలో వేలాడే కంచు దీపాన్ని చూసి వచ్చి, దానికి రెట్టింపు దీపం పోయించాడు. దాన్ని తన కొలువులో కట్టించి ఊరుకుంటే ఈ కథే లేదు. ఊరంతా చూసి నోరు తెరవాలని కోట ముందరి మొగసాలలో, మెట్లకు ఎదురుగా, సరిగ్గా మనిషి కంటి ఎత్తున వేలాడదీయించాడు.

పొద్దు గూకి దాని వత్తులన్నీ వెలిగాయంటే, మొగసాలలో కూర్చున్నవాడికి ఆ వెలుగు తప్ప అవతల ఏమీ కనబడదు. మెట్లెక్కేవాడికి మెట్టూ కనబడదు. పురుగులు వచ్చి మజ్జిగ చెంబుల్లో పడేవి. అయినా మంత్రి మొదలు అందరూ మోకాలి దెబ్బ నిమురుకుంటూనే "ఆహా, పట్టపగలే!" అనేవాళ్ళు.

కొలువులో కూచన అని ఒక చమత్కారి ఉండేవాడు. అతను మాత్రం, "ప్రభూ, దీపం దివ్యంగా ఉంది. మధ్యలో మొగసాలే దానికి అడ్డొస్తోంది" అన్నాడు. రాజు అది పొగడ్త అనుకొని అతనికి జరీ శాలువ కప్పాడు.

ఒకనాడు మునిమాపువేళ రాజు తోటలో తిరిగి ఒంటరిగా వస్తున్నాడు. మొగసాలలో కావలి ఉన్న ముసలి బొల్లయ్యకు మెట్ల కింద ఏదో నల్లగా కదిలినట్టయింది.

"ఎవడ్రా అది? చెప్పులక్కడే విడిచి, పేరు చెప్పి రా!" అని కేకేశాడు.

రాజు పేరు చెప్పలేదు. మెట్లెక్కి వచ్చి ముఖం చూపించాడు. బొల్లయ్య చేతిలోని కర్ర కిందపడింది.

"రేపు మా మామగారు వస్తున్నారు. ఆయన ముందూ ఇలాగే మొరిగితే నా పరువేం కాను? తెల్లవారేసరికి నువ్వీ వాకిట్లో ఉండకూడదు" అన్నాడు రాజు.

బొల్లయ్య పెద్దరాజుగారి నాటి మనిషి. కూచన దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. "బాబయ్యా, కళ్ళు పోయి కాదు. ఆ దీపం నా కళ్ళలోనే పొడుస్తుంది. ఈ వయసులో ఇంకే వాకిట్లో నిలబడను?"

"నువ్వు కర్ర వెతుక్కో. మిగతాది నాకొదిలెయ్" అన్నాడు కూచన.

వెంటనే రాజు దగ్గరికి వెళ్ళాడు. "ప్రభూ, బొల్లయ్యకు చూపు ఆనకపోవడం నిజమే. రేపటి సాయంకాలం అతని అరుగు మీద తమరే కూర్చోండి. అల్లుడే ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిస్తే మామగారికి అంతకంటే మర్యాద ఏముంది? తమరు ఆయన్ను పోల్చుకుంటే బొల్లయ్యతో పాటు నేనూ వెళ్ళిపోతాను. పోల్చుకోలేకపోతే అతన్ని ఉండనివ్వండి."

"మా మామగారిని నేను పోల్చుకోలేనా!" అని రాజు మీసం తిప్పాడు.

మామగారు కొమ్మరాజు భారీ మనిషి. నిదానంగా నడుస్తారు. అడుగు పడితే కాలి గండపెండేరం ఘల్లుమంటుంది.

మర్నాడు దీపం వెలిగింది. రాజు వెండి చెంబుతో అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి ఘల్లు ఘల్లుమని చప్పుడు. జరీ తళతళలాడుతూ ఒక భారీ ఆకారం మెట్ల కింద ఆగింది.

"దయచేయండి మామగారూ!" అని రాజు లేచాడు.

జవాబు లేదు.

"నిరుడు ఉగాదికి నేను మీ ఇంటికి రాలేదని ఇంకా కోపమేనా? మీ అమ్మాయి వింటే నాకు అన్నం పెట్టదు. ముందు కాళ్ళు కడుక్కోండి" అంటూ దిగి వచ్చి, వంగి, నీళ్ళు పోశాడు.

ఆ కాళ్ళకు వేళ్ళు లేవు. రాజు ఇంకొంచెం వంగి చూసేలోగా మామగారు మోర పైకెత్తి కోటంతా మారుమోగేలా ఓండ్రపెట్టారు.

అది ఉప్పు మూటలు మోసే గాడిద. మెడలో మువ్వలు, వీపు మీద శాలువ.

రాజు మండిపడుతూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడో లేదో, మళ్ళీ ఘల్లు ఘల్లు.

"ఇంకో గాడిదా? కర్ర తీసుకొని దాన్ని బయటికి తోలండ్రా!"

వెనకాల వచ్చేది ఎవరో పక్కనే నిలబడ్డ కూచనకు తెలుసు. రాజుగారి నోరు అంత దూరం పోతుందని మాత్రం తెలియదు.

చీకట్లోంచి నిబ్బరంగా మాట వచ్చింది. "అల్లుడుగారూ, నేను గాడిదనే అనుకోండి. గాడిద కూతుర్ని ఏరికోరి చేసుకున్నవారిని ఏమనాలో కూడా తమరే సెలవియ్యండి."

రాజు చేతిలో చెంబు జారింది.

కూచన చేతులు కట్టుకొని ముందుకొచ్చాడు. "ప్రభూ, బొల్లయ్య తమర్ని ఎవరని అడిగాడే గాని, జాతి మార్చలేదు."

ముందుగా కొమ్మరాజుగారి పొట్ట కదిలింది. తర్వాత రాజు మీసం వణికింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకొని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"సరే, ఏం చేద్దామో చెప్పు" అన్నాడు రాజు.

"దీపాన్ని చూడ్డానికైతే కొలువుకూటం ఉంది. వాకిట్లో దీపం ఎదుటి మనిషిని చూడ్డానికి, మెట్టు చూసుకోవడానికి. మెట్ల పక్క గోడల్లో మోకాలెత్తున గూళ్ళు కొట్టించి చిన్న ప్రమిదలు పెట్టిద్దాం. పైన వంపు పెంకు కప్పితే వెలుగు మెట్ల మీదే పడుతుంది, కళ్ళలో పడదు. గాలి తగలకుండా ముందు అభ్రకపు రేకు చాలు."

పెద్ద దీపాన్ని కొలువుకూటానికి చేర్చి, అలాగే చేశారు. బొల్లయ్యకు వచ్చేవాళ్ళ ముఖాలే కాదు, వీధి మలుపులో పిల్లి కూడా కనబడింది.

పని అయ్యాక రాజు అడిగాడు. "అది సరేనయ్యా, గాడిదకు అంత మంచి శాలువ ఎక్కడిది?"

"నిరుడు దీపాన్ని మెచ్చుకున్నందుకు తమరు నాకు కప్పిందే ప్రభూ."

రాజు మళ్ళీ పడీపడీ నవ్వి, ఒంటి మీది శాలువ తీసి కూచనకు కప్పాడు. "ఇది మాత్రం నువ్వే కప్పుకో!"

బొల్లయ్య ఆ వాకిట్లోనే ఉండిపోయాడు. ఇప్పుడు వెలుగుకేం కొదవ లేదు. అయినా రాజుగారు తోటలోంచి వస్తే మొదటి మెట్టు దగ్గర ఆగి, చిన్నగా దగ్గి, "నేనేనోయ్ బొల్లయ్యా" అనందే పైకి ఎక్కేవారు కారు.