సొరంగం అవతలి పల్లం

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో ఒకప్పుడు రైలు నడిచేది. కొన్నాళ్ళకు ఆగిపోయింది. పట్టాలు పీకేశారు. ఇరవై క్రోసుల పొడుగున మట్టిదారి మాత్రం మిగిలింది. జనం ఊరుకుంటారా? సైకిళ్ళెక్కారు. పాలవాళ్ళు, బడిపిల్లలు, పురుడు పోసే మంత్రసాని, అందరూ ఆ దారినే తిరిగేవారు.

ఆ దారి మీద భూషణం అనే వర్తకుడి కన్ను పడింది. రాజుగారి దగ్గరికి వెళ్ళాడు.

"ప్రభూ, ఆ దారి నాకిప్పిస్తే గిడ్డంగులు కట్టుకుంటాను. సైకిలు మీద ఒక్క పగటిలో ఈ కొస నుంచి ఆ కొసకు ఎవరైనా చేరగలరా? చేరలేని దారి ఉంటేనేం, లేకపోతేనేం!"

రాజుగారికి ఆ మాట సబబుగానే తోచింది. రాజులకు అప్పుడప్పుడు అలా తోస్తుంటుంది.

"ముగ్గురు మనుషులు పొద్దు పొడవగానే బయలుదేరి, పొద్దు గూకేలోపు తొక్కుకుంటూ ఆ కొసకు చేరితే దారి ప్రజలది. ఒక్కరు తగ్గినా నీది" అని తీర్పు చెప్పాడు.

ముగ్గురు ముందుకొచ్చారు. పాలు పోసే మంగతాయారు ఒకతె. దారి పోతే ఆమె బతుకుతెరువే పోతుంది. పందేల్లో పేరు మోసిన వస్తాదు గవర్రాజు ఒకడు. మూడోవాడు ఎర్రన్న, వెనకటికి ఆ పట్టాలు చూసుకున్న గ్యాంగ్‌మన్. మోకాళ్ళు అరిగిన ముసలివాడు.

బయలుదేరే ముందు ఎర్రన్న తన మరచెంబు వంచి గట్టి నేల మీద కాసిని నీళ్ళు పోశాడు. అవి మెల్లగా వెనక్కి పారాయి.

"చూశావా గవర్రాజూ? కంటికి చదునే గానీ ఇదంతా మిట్ట. రైలు నిటారుగా కొండెక్కలేదు. అందుకని క్రోసుల కొద్దీ సన్నగా ఎత్తుకుంటూ పోయారు. నిదానంగా తొక్కు."

"బల్లపరుపుగా ఉంటే మిట్ట అంటావేంటి తాతా! నీ మోకాళ్ళకి అన్నీ మిట్టలే!" అని గవర్రాజు నవ్వి, రివ్వున దూసుకుపోయాడు.

ఐదు క్రోసులు దాటాక పాడుబడ్డ స్టేషను దగ్గర వాళ్ళకు కనిపించాడు, రొప్పుతూ. "ఎదురుగాలి" అని సాకు చెప్పి మళ్ళీ దూసుకుపోయాడు. సొరంగం దగ్గరికి వచ్చేసరికి ఆ ఎదురుగాలి కూడా లేదు. వస్తాదు పిక్కలు పట్టేసి నేల మీద పడున్నాడు.

అప్పటికి పగటి నాలుగు జాముల్లో మూడు గడిచిపోయాయి. ఇంకా పది క్రోసులుంది. ఎర్రన్న మళ్ళీ నీళ్ళు పోశాడు. మళ్ళీ వెనక్కే పారాయి.

గవర్రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా మూలంగా దారి పోయింది తాతా. నీ మాట వినుంటే బాగుండేది."

అంతలో భూషణం జట్కాలో వచ్చాడు. "అయ్యో పాపం! ఇతన్ని నా బండెక్కించండి. సొరంగం అవతల దింపుతాను. ఆ చీకట్లో రాజుగారు చూడొచ్చారా?" అన్నాడు. ఎక్కించుకుని, ఆ సంగతే రాజుగారి చెవిన వేయాలని అతని ఎత్తు.

"రాజుగారు చూడరు, నిజమే. మేం చూస్తాం కదండీ!" అంది మంగతాయారు. "తొక్కుకుంటూ వస్తామన్నాం. తొక్కుకుంటూనే వస్తాం."

భూషణం వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. సగం దారికి మూడు జాములు పట్టింది, మిగతా సగం ఒక్క జాములో అయ్యే పని కాదు. ఇక తొందరేముందని మీసం దువ్వుకుంటూ కొండదారి పట్టాడు.

మంగతాయారు తన పెరుగన్నం గవర్రాజుకు తినిపించింది. ఎర్రన్న అతని పిక్కలు పిసికాడు. ముసలివాడు ముందు, వస్తాదు మధ్య, వెనక నుంచి అతని వీపు మీద చెయ్యేసి తోస్తూ మంగతాయారు. అలా సొరంగం దాటారు.

"నా పని సొరంగం దాకే ఉండేదమ్మా. ఇవతల ఎలా ఉంటుందో నాకూ తెలీదు" అంటూ ఎర్రన్న చెంబులో మిగిలిన నీళ్ళన్నీ ఒంపేశాడు.

నీళ్ళు కాసేపు తటపటాయించాయి. తరవాత ముందుకు పారాయి!

"పల్లం! ఎక్కిందంతా ఇక పల్లమేనే అమ్మాయ్!" అని ఎర్రన్న కేక పెట్టాడు.

ఇంకేముంది! తొక్కీ తొక్కకుండానే చక్రాలు పరుగెత్తాయి. పిక్కలు సర్దుకున్న గవర్రాజు మళ్ళీ ముందుకొచ్చాడు. వంతెనలు దాటారు, మామిడితోపులు దాటారు, ఊళ్ళకు ఊళ్ళు దాటారు. దారి పక్కన పిల్లలు ఈలలు వేశారు. మంగతాయారు పట్టలేని సంతోషంతో పెద్దగా నవ్వింది. భూషణం జట్కా కొండమలుపులన్నీ తిరిగి వచ్చేసరికి ముగ్గురూ ఆ కొసన కాచుకుని ఉన్న రాజుగారి ఎదుట మజ్జిగ తాగుతున్నారు. పొద్దు ఇంకా బారెడుంది.

"భళా! మీలో ముందు చేరిందెవరు?" అని రాజుగారు అడిగాడు.

"నేనే ప్రభూ" అని గవర్రాజు తల వంచుకున్నాడు. "కానీ నేను సొరంగం దగ్గరే ఓడిపోయాను. గెలిచింది నన్ను వెంట తెచ్చుకున్న వీళ్ళిద్దరు."

"దారి ప్రజలది!" అన్నాడు రాజు. ఆ మాట వినగానే జనం సైకిలు గంటలు హోరెత్తించారు. భూషణం జట్కా వెనక్కి తిప్పుకున్నాడు.

బలమున్నవాడు ముందు పోగలడు గానీ, దారిని ఎరిగి తోటివాణ్ణి విడవనివాడే అందరినీ గమ్యం చేరుస్తాడు.