పొగ మింగే మొక్కలు

చెప్పిన మాటను చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడని గవరయ్య నమ్మకం. ఆ లెక్కన తనూ, తమ్ముడు సూరప్పడూ టౌన్లో అందరికన్నా తెలివైనవాళ్ళు. వాళ్ళిల్లు రైస్ మిల్లుకు ఎదురుగా ఉంది. మిల్లు గొట్టం వదిలే పొగకు తల్లి పైడమ్మ రాత్రీ పగలూ దగ్గేది. ఆ దగ్గు వింటే గవరయ్యకు అన్నం సహించేది కాదు. తల్లి మీద ప్రేమ మంచిదే. దానికి కాస్త బుద్ధి కూడా తోడుండాలి.

మునిసిపాలిటీ తోటమాలి కానుగ మొక్కలిచ్చి, "మిల్లుకీ మీ ఇంటికీ మధ్యన నాటండి. పొగా దుమ్మూ అవే మింగేస్తాయి. మీ అమ్మకి ఊపిరాడుతుంది," అన్నాడు.

అంతే, అన్నదమ్ములు తాడు పట్టి కొలిచారు. సరిగ్గా మధ్య అంటే రోడ్డు నడుమకు వచ్చింది. అక్కడే గొయ్యి తవ్వారు. ఇంకేముంది, ధాన్యం లారీ చక్రం అందులో దిగబడింది.

"రోడ్డు మధ్యలో గొయ్యేంటయ్యా?" అన్నాడు డ్రైవరు.

"మా మధ్యలో రోడ్డేసినోళ్ళని అడుగు," అన్నాడు గవరయ్య.

వీధివాళ్ళు నాలుగు తిట్టి, మొక్కల్ని ఇంటి ముందుకు మార్పించారు. కొన్నాళ్ళకు ఆకులు మసిబారాయి.

"బాగానే తిన్నాయన్నయ్యా. మూతి కడుక్కోలేదంతే," అన్నాడు సూరప్పడు.

ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ పోసి ఒక్కో ఆకునూ కడిగారు.

ఆ రోజు ఆదివారం. మిల్లుకు సెలవు. పొగ లేక పైడమ్మ హాయిగా కునుకు తీసింది. గవరయ్యకు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

"పొద్దున్నించీ మొక్కలు పస్తురా. తెచ్చుకున్నవాటిని మాడ్చి మనం తింటే పాపం."

అంతే, సూరప్పడు పాత సైకిల్ టైర్లు తెచ్చి మొక్కల ముందు అంటించాడు. నల్లటి పొగ ఇల్లంతా కమ్మేసింది.

"ఆర్పండ్రా నాయనా, చచ్చిపోతున్నాను," అంది పైడమ్మ దగ్గలేక.

"ఓర్చుకోవే అమ్మా. వడ్డించిన విస్తరి లాగేస్తామా?" అన్నాడు గవరయ్య.

కానీ ఆమె కళ్ళు తేలేసేసరికి గవరయ్య నీళ్ళకోసం పరిగెత్తాడు. చూస్తే కుండలో చుక్క నీళ్ళు లేవు. ఇంకేముంది, ఇద్దరూ చేతికందిన మొక్కల్ని వేళ్ళతో సహా పీకి మంటను బాదారు. ఆకులు రాలాయి, కొమ్మలు విరిగాయి, మంట ఆరింది. పొగ విడిపోయింది. పైడమ్మ గుండెనిండా ఊపిరి పీల్చుకుంది.

గవరయ్య చేతిలో మిగిలిన పుల్లను కళ్ళకద్దుకున్నాడు.

"తోటమాలి మాట అబద్ధం కాదురా. మొక్కలతోనే పొగ పోయింది. వాడడం తెలీక మనమే ఇన్నాళ్ళూ వాటిని మట్టిలో పాతిపెట్టాం."

మర్నాడు మిల్లు పొగ వదిలేసరికి, ఇద్దరూ తోటమాలి దగ్గర చెరో కొత్త మొక్క తెచ్చుకుని, పొగను బాదడానికి మిల్లు గొట్టానికి నిచ్చెన వేస్తున్నారు.