రెండో వాయి పాకం

"పాకం ఇసకైపోయిందర్రో..."

ఆ కేక తకియా వంటపాకలో పుట్టి రాయివీధి ఈ చివరిదాకా వినబడింది. అరిచింది వంట మస్తాన్. మూడు వందల మందికి వండేవాడి గొంతు ఆ మూడు వందల మందికీ వినబడాలి కదా, అలాంటి గొంతు ఆయనది. వీధి మొదట్లో బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాయన పెట్టె పక్కన పెట్టి మరీ తొంగిచూశాడు.

తకియా అంటే ఫకీరుగారు ఉండే చోటు. రెండు గదులు, ముందు రేకుల పంచ, వెనక వంటపాక, అంతే. అందులో హుసేన్‌షా తాతగారు ఉంటారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఆయన దగ్గరికి సాయిబులూ వస్తారు, నాయుళ్ళూ వస్తారు. ఎవరొచ్చినా ముందు "తిన్నావా" అని అడుగుతారు, ఆ తర్వాతే కష్టసుఖాలు.

ఆవేళ శుక్రవారం, ఆయన గురువుగారి ఉరుసు. ఏడాదికోసారి వీధి వీధంతా అక్కడే భోంచేస్తుంది. ఆ భోజనానికి ఒక పద్ధతి ఉంది. ముందు విస్తట్లో బూందీ లడ్డు పడాలి. అది పడేదాకా చిన్నాపెద్దా ఎవరూ కూర్చోరు. ఇప్పుడా లడ్డు కట్టాల్సిన పాకమే ఇసకైపోయింది. బూందీ వేగి, బుట్టల్లో కొండలా ఉంది. అన్నం వార్చేశారు. పప్పుచారు మరుగుతోంది. జనం పంచలో నిలబడి ఉన్నారు.

పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డవాడు దాలినాయుడు. ఆ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"పంచదార బస్తా నా చేత్తో నేనే చింపి పోశానండీ," అంటున్నాడు మస్తాన్ అందరి వైపూ తిరిగి. "నాయుడుగోరు దాన్ని గంటసేపు కాచి, కష్టపడి, మళ్ళీ పంచదారే చేసి ఇచ్చారు."

ఉల్లిపాయలు తరుగుతున్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. "పోన్లే అన్నా, టీలోకి పనికొస్తుంది," అంది రమీజాబీ కళ్ళు తుడుచుకుంటూ. అవి ఉల్లిపాయ నీళ్ళో నవ్వు నీళ్ళో ఆవిడకే తెలియాలి.

దాలినాయుడు నవ్వలేదు. గరిటె పక్కన పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. వంటపాక గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల వైపు నడిచాడు.

ఆ చెప్పులేసుకుని ఆయన గుమ్మం దాటేస్తే ఏమవుతుందో ఆయన భార్య సన్యాసమ్మకి తెలుసు. అందుకే అందరూ నవ్వుతున్నా ఆవిడొక్కతే నవ్వలేదు.

సంగతేమిటంటే, దాలినాయుడు ఇరవయ్యేడేళ్ళు పంచదార ఫ్యాక్టరీలో పాన్‌మేన్‌గా పనిచేశాడు. చెరకురసం చిక్కబడి చిక్కబడి, సరిగ్గా గింజ కట్టే క్షణం ఒకటుంటుంది. ఆ క్షణాన్ని పట్టుకోవడమే ఆయన పని. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పాకాన్ని రుద్ది, గాజుముక్క మీద రాసి దీపానికి ఎదురుగా పెట్టి చూసి, "ఇప్పుడు" అనేవాడు. ఆ ఒక్కమాట కోసం పదిమంది చూస్తుండేవారు. "ఇప్పుడు" అనగానే చిటికెడు పంచదార పొడి విత్తనంలా లోపలికి వేసేవాడు. అంతే, పాకం మొత్తం మిలమిలా గింజ కట్టేది.

కిందటేడు ఆ "ఇప్పుడు" చెప్పడానికి ఫ్యాక్టరీ ఒక యంత్రాన్ని తెచ్చుకుంది. ఏసీ గదిలో కూర్చుంటే తెర మీద గీతలు కనపడతాయట. దాలినాయుడికి శాలువా కప్పారు, ప్రెషర్ కుక్కరు ఇచ్చారు, ఫొటో తీశారు, పంపించేశారు. అప్పటికి ఆయనకి యాభై మూడేళ్ళు.

ఊరికే కూర్చోలేదు పాపం. రెండుచోట్లకి ఇంటర్వ్యూకి వెళ్ళాడు. ఒకచోట కుర్రాఫీసరు, "కంప్యూటర్ మీద ఏమొచ్చండీ మీకు?" అని మర్యాదగానే అడిగాడు. దాలినాయుడు తన బొటనవేలి వైపు చూసుకుని లేచి వచ్చేశాడు. రెండోచోట లోపలికైనా పోలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "మీ అబ్బాయి లోపలికెళ్ళాడా బాబాయ్? అరగంటలో వచ్చేస్తాడులెండి, కూర్చోండి," అన్నాడు. దాలినాయుడు ఆ నీళ్ళు తాగి, నిజంగానే ఓ అరగంట కూర్చుని, ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత ఇంకెక్కడికీ వెళ్ళలేదు. పొద్దున్నే తకియాకొచ్చి వాకిలి ఊడవడం, సాయంత్రం ఇంటికెళ్ళడం. ఏం చేస్తున్నారని ఎవరైనా అడిగితే, "ఖాళీ" అనేవాడు.

ఇంతలో సన్యాసమ్మ పిన్ని కొడుకు ఒక కబురు తెచ్చాడు. పక్క పట్నంలో మిఠాయిలు చేసి ఊళ్ళకి పంపే షెడ్డు ఒకటి పెట్టారు. పాకం తెలిసిన మనిషి కావాలి. సోమవారం వచ్చి ఒక్క వాయి పాకం పట్టి చూపిస్తే చాలు, వయసుతో పనిలేదన్నారు.

దాలినాయుడు వెళ్ళనన్నాడు. తాతగారి దగ్గర కూర్చుని కారణం కూడా చెప్పాడు.

"నాకొచ్చిన పని యంత్రం చేసేస్తోంది తాతగారూ. అది మిఠాయి పని, నాకు రాని పని. ఈ వయసులో ఏం నేర్చుకుంటాను, ఎవరి ముందు నవ్వులపాలవుతాను?"

 తాతగారు మస్తాన్‌ని పిలిచి, "ఈ ఉరుసుకి బూందీ పాకం నాయుడు పడతాడు," అన్నారు. అంతే.

అలా పట్టిన పాకమే ఇది. మరి ఏం జరిగిందంటే, పాకం చిక్కబడేకొద్దీ దాలినాయుడు ఈ లోకంలో లేడు. వేళ్ళ మధ్య రుద్దుకున్నాడు. బూందీకి తీగపాకం చాలు, ఆ తీగ వచ్చింది, అయినా దింపలేదు. ఇంకా మరిగించాడు. తన పాత గుర్తు దాకా వచ్చాక గుండిగ దింపాడు. "ఇప్పుడు" అని పైకే అన్నాడు. అంతే, ఇరవయ్యేడేళ్ళ అలవాటు మీద కుడిచెయ్యి దానంతటదే పక్కనున్న బస్తాలోకి వెళ్ళి, చిటికెడు తీసి పాకంలో వేసేసింది. రెండు గరిటెలు తిప్పేసరికి గుండిగ నిండా ఇసక.

ఇప్పుడు దాలినాయుడు ఒక చెప్పు వేసుకున్నాడు. రెండోదాని కోసం కాలితో వెతుకుతున్నాడు.

అప్పుడు తాతగారు మంచం దిగి వంటపాకలోకి వచ్చారు.  గుండిగలోంచి చిటికెడు తీసి అరచేతిలో పరుచుకున్నారు. రేకుల సందులోంచి పడుతున్న ఎండలో పెట్టి చూశారు. నోట్లో వేసుకున్నారు.

"ఒరే మస్తాన్, చూశావా? ఒక గింజ పెద్దదీ లేదు, ఒక గింజ చిన్నదీ లేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

మస్తాన్ వంగి చూశాడు. నిజమే.

గుమ్మం దగ్గర్నించి దాలినాయుడి గొంతు దానంతటదే వచ్చేసింది. "విత్తనం సరిగ్గా పడితే అలాగే కడుతుందండీ. ముందు పడితే కరిగిపోతుంది, ఆలస్యమైతే ముద్దవుతుంది."

"అలాగా," అన్నారు తాతగారు.

తర్వాత ఆ పంచదారంతా ఒక గంగాళంలోకి గీకించి మూత పెట్టించారు. లుంగీ ఎగ్గట్టారు. గుండిగని దొర్లించుకుంటూ తూము దగ్గరికి తీసుకెళ్ళి, గొంతుకూర్చుని, కొబ్బరిపీచూ బూడిదా తీసుకుని తోమడం మొదలెట్టారు.

"అయ్యయ్యో, తాతగారూ, మీరేటండీ," అని మస్తాన్ పరిగెత్తాడు. రమీజాబీ కత్తిపీట వదిలేసి లేచింది. ఎవరు చెయ్యి వేసినా ఆ చేతిని మోచేత్తో పక్కకి నెట్టారు తప్ప పీచు వదల్లేదు. వంటపాకలో నవ్వులు ఆగిపోయాయి. పీచు చప్పుడు ఒక్కటే వినబడుతోంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, తల సగం గుండిగలోకి పెట్టి, అడుగునంటిన పంచదారని వేడినీళ్ళతో కరిగించి, అంచులు తోమి, మెడ తోమి, మూడుసార్లు కడిగారు. గుండిగ ఒక చెవి మస్తాన్‌ని పట్టుకోమని, ఎత్తి పొయ్యి మీద పెట్టారు.

అప్పుడు గుమ్మం వైపు తిరిగి, చెంబు పట్టుకుని, కొత్తగా పనిలో చేరిన మనిషిలా అడిగారు.

"నీళ్ళెన్ని పొయ్యమంటారు మేస్త్రీ?"

దాలినాయుడికి ఇరవయ్యేడేళ్ళ సర్వీసులో ఆఫీసర్లు కూడా "మీరు" అనలేదు. ఒంటి చెప్పుతో అలాగే నిలబడిపోయాడు. వెనక పంచలో జనం, ముందు చెంబుతో తాతగారు. ఏమనుకున్నాడో ఏమో, ఆ వేసుకున్న చెప్పు కూడా విడిచేశాడు.

"మూడు చెంబులండీ," అన్నాడు.

తాతగారు లెక్కపెట్టి మూడు చెంబులు పోశారు. పంచదార పడింది. మంట అంటుకుంది. దాలినాయుడు రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని ఏదో ఆలోచించి, "మస్తాన్, నిమ్మకాయలున్నాయా?" అన్నాడు.

"ఎప్పుడూ రెండు చుక్కలు పిండుతానండీ. ఇందాక మీరే వద్దన్నారు."

"ఎందుకు పిండుతావు?"

"మా నాన్న పిండమన్నాడు. పిండుతున్నాను. ఎందుకని అడిగితే కొట్టేవాడు."

దాలినాయుడు నవ్వాడు. నెలల తర్వాత నవ్వాడేమో, కొంచెం వంకరగా వచ్చింది. "నేను చెప్తా విను. మా ఫ్యాక్టరీలో పులుపంటే హడలు. రసం కాస్త పుల్లబడితే గింజ కట్టదు. అందుకని సున్నం కలిపి పులుపు చంపేవాళ్ళం. ఇరవయ్యేడేళ్ళు గింజ రాకుండా ఏవేవి అడ్డం పడతాయో వాటితో యుద్ధం చేశానయ్యా. ఇక్కడ మనకి గింజ రాకూడదు. అంటే ఆ శత్రువులందరినీ ఇప్పుడు ఇంటికి పిలవాలి. పిండు, పిండు. ఆ తడిగుడ్డ ఇలా తే. అంచుల మీద ఎండిన పాకం ఉందే, అందులోంచి ఒక్క పలుకు లోపల పడినా చాలు, మొత్తం పాడుచేస్తుంది."

అంచులన్నీ తుడిచాడు. చెప్పుకుంటూ చెప్పుకుంటూ మనిషి నిటారుగా అయ్యాడు. మస్తాన్ నోరు తెరుచుకుని వింటున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా పిండుతున్న నిమ్మకాయ సంగతి ఆయనకి ఇప్పుడు తెలిసింది.

పాకం చిక్కబడుతోంది. దాలినాయుడు ఉన్నట్టుండి కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"తాతగారూ, ఈ చెయ్యి నా మాట వినదు. ఆ పంచదార బస్తా అవతల పెట్టించండి."

బస్తాని ఎవరూ జరపలేదు. తాతగారే వెళ్ళి దాని మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. "ఇప్పుడు తియ్యమను చూద్దాం," అన్నారు. ఈసారి ఆడవాళ్ళతో పాటు దాలినాయుడూ నవ్వాడు.

వేళ్ళ మధ్య పాకం ఒక్క తీగ సాగింది. సన్నగా, తెగకుండా. ఆయన ఇంక ఆగలేదు.

"ఇప్పుడు," అన్నాడు. గుండిగ దిగింది.

బూందీ పడింది, యాలకులు పడ్డాయి, నెయ్యి పడింది. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి, చేతులు కాలుతున్నా ఊదుకుంటూ ఉండలు కట్టేశారు. మస్తాన్ ఒక లడ్డు తీసుకుని, అనుమానం తీరక, మోచేతి ఎత్తు నుంచి పళ్ళెంలోకి వదిలాడు. దొర్లింది, విరగలేదు.

"నిలబడిందర్రో," అని మళ్ళీ కేక పెట్టాడు. వీధి మొదట్లో ఇస్త్రీ ఆయన ఈసారి పెట్టె ఆర్పేసి వచ్చేశాడు.

పంచలో విస్తర్లు పరిచారు. దాలినాయుడు లడ్ల బుట్ట చంకనెత్తుకుని వరసగా వడ్డించుకుంటూ వచ్చాడు. సన్యాసమ్మ విస్తరి దగ్గర వంగి, ఎవరికీ వినబడకుండా అన్నాడు.

"మీ పిన్ని కొడుక్కి ఫోన్ చెయ్యి. సోమవారం వస్తున్నానని చెప్పు. ఒక వాయి చూపిస్తే చాలన్నారుగా."

"ఏ వాయి చూపిస్తారు? మొదటిదా, రెండోదా?" అంది సన్యాసమ్మ తలెత్తకుండా.

"చూపిస్తే రెండూ చూపించాలి. మొదటిది చూస్తేనే కదే రెండోదాని సంగతి తెలిసేది."

ఆవిడ లడ్డు వైపు చూస్తూ చాలాసేపు నవ్వుకుంది.

చివరికి తాతగారి దగ్గరికి వచ్చాడు. ఆయన మిగతావాళ్ళలాగే వరసలో, ఇస్త్రీ ఆయనకీ రమీజాబీ కొడుక్కీ మధ్య కూర్చున్నారు. ఆయన వేళ్ళ సందుల్లో ఇంకా బూడిద నలుపుంది. దాలినాయుడు లడ్డు వేశాడు గానీ కదల్లేదు.

"తాతగారూ, అక్కడ కూడా మొదటి వాయి పోతే?"

"కబురు పెట్టు," అన్నారు తాతగారు. "గిన్నె తోమడానికి నేనొస్తాను."

 ఇంతలో మస్తాన్ వచ్చి బుట్ట లాక్కున్నాడు. తాతగారు ఇస్త్రీ ఆయన్ని కాస్త అటు జరగమని పక్కన చోటు చేశారు. అక్కడొక విస్తరి పడింది, దాలినాయుడు కూర్చున్నాడు. వరస ఆ చివర్నించి ఈ చివరిదాకా అందరి చేతులూ ఒక్కసారే లడ్డు మీదికి వెళ్ళాయి.