తులశమ్మకు తగిన తూటా

మాధవీ, ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నేను కొంచెం తారుమారు చేసి ఉండొచ్చు. మాటలు మాత్రం బాగా గుర్తున్నవే రాస్తున్నాను.

“రేపటినుంచి రాను నాయనా” అంది తులశమ్మ, పేలుడు చప్పుడు వినబడకుండా చెవులకు పెట్టుకున్న డిప్పలు తీసి బల్ల మీద పెడుతూ.

ఓబులేసు నమ్మలేకపోయాడు. ఆమె అప్పుడే కాల్చిన గురికాగితం ఇంకా అతని చేతిలోనే ఉంది. ఐదు తూటాల్లో మూడు నల్లచుక్కలో దిగాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి, అందులోనూ అరవై ఆరేళ్ల వయసులో, అది చిన్న విషయం కాదు.

“ఇంత బాగా కాలుస్తూ మానేయడమేందమ్మా?”

“ఇంట్లో పనులుంటాయి కదప్పా. నీ తప్పేం లేదులే” అని ఆమె సంచీ భుజాన తగిలించుకుని వెళ్లిపోయింది.

అది కడప ఊరిబయట, కొండవార ఉన్న తుపాకీ క్లబ్బు. అక్కడ గురువు బడేసాహెబ్ ఉస్తాద్. వయసు పైబడ్డాక, కొత్తవాళ్లకు నేర్పే పనిని శిష్యుడు ఓబులేసుకి మెల్లగా అప్పగిద్దామనుకున్నాడు. మొదట తులశమ్మను అప్పగించాడు. “ఈమె నీ దగ్గర నిలబడితే, తక్కినవాళ్లనీ నువ్వే చూసుకుందువు” అన్నాడు. ఆ మాట అన్నప్పటినుంచీ ఓబులేసు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

తులశమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. కాలేజీలో ఎన్‌సీసీ పిల్లగా రైఫిల్ పట్టింది. “ఆ తర్వాత పట్టిందంతా గరిటే” అని నవ్వేది. పెద్దవయసువాళ్ల పోటీలో ఒక్కసారైనా తుపాకీ పట్టుకుని నిలబడాలని ఆమె కోరిక.

క్లబ్బు రివాల్వర్‌లో పట్టే తూటాలు రెండు రకాలు ఉండేవి. తెల్ల డబ్బాలోవి మందు తక్కువ వేసినవి, చదును మూతివి. కాగితం మీద గురి నేర్చుకోవడానికే చేసినవి. ఎర్ర డబ్బాలోవి మందు దట్టించినవి. పేలితే రివాల్వర్ చేతిని వెనక్కి తన్నేది.

మొదటిరోజు ఓబులేసు చెయ్యి తెల్ల డబ్బా మీదికే పోయింది. పక్కనే ఉన్న సుంకిరెడ్డి అనే పాత మెంబరు నవ్వాడు.

“అవి తూటాలా ఓబులేసూ, వక్కపొడి పొట్లాలా? అమ్మగారిని పోటీకి తయారుచేస్తున్నావా, పేరంటానికా?”

తులశమ్మ కూడా నవ్వింది. కానీ ఆమె మొహం ఎర్రబడడం ఓబులేసు చూశాడు. తెల్ల డబ్బా పక్కకు నెట్టి ఎర్రది తీశాడు. కష్టమైనదానితో మొదలుపెడితే, సులువైంది దానంతటదే వస్తుందని అతని లెక్క. తనూ అలాగే నేర్చుకున్నాడు. రోజురోజుకీ నల్లచుక్కలో రంధ్రాలు పెరుగుతుంటే, తన లెక్క సరైందేనని మురిసిపోయాడు.

ఇప్పుడామె రానంది.

ఉస్తాద్ దగ్గరికి పోయి అంతా చెప్పాడు. గురికాగితాలన్నీ వరసగా ఆయన ముందు పరిచాడు. “మీరే చూడండి ఉస్తాద్. నేర్పడంలో ఎక్కడ తక్కువ చేశాను?”

ఉస్తాద్ కాగితాల వైపు చూడలేదు. “పోయే మనిషి నాకొకసారి కనిపించి పోవాల గదా. పొద్దున రమ్మను” అన్నాడు.

మర్నాడు తులశమ్మ వచ్చింది. మానేస్తున్నందుకు ఏదో సంజాయిషీ చెప్పబోతే ఉస్తాద్ చెయ్యి అడ్డంపెట్టాడు.

“అవన్నీ ఎందుకు తల్లీ. ఎప్పుడూ కాల్చేవే ఒక ఐదు కాల్చి పో. నేనొక్కసారీ చూడలేదు.”

ఆమె కాదనలేకపోయింది. అద్దాలు పెట్టుకుని, చెవులు మూసుకుని, గీత దగ్గర నిలబడి ఐదూ కాల్చింది. ఖాళీ తూటా గొట్టాలు తీసేసి, రివాల్వర్ బల్ల మీద పెట్టి, కొళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చింది. ఆలోపు ఓబులేసు పరుగున పోయి కాగితం తెచ్చాడు.

“నాలుగు ఉస్తాద్! నాలుగు నల్లలోనే!”

ఉస్తాద్ తన ఫ్లాస్కు తులశమ్మ ముందుకు జరిపాడు. “ముగ్గురికీ టీ పొయ్యి తల్లీ.”

ఆమె కుడిచేత్తో మూత పట్టుకుంది. అది తిరగలేదు. ఎడమచేతికి మార్చి ఎలాగో తిప్పింది. మొదటి గ్లాసు సగం నిండిందో లేదో, ఫ్లాస్కు మూతి గ్లాసు అంచుకి టకటకా కొట్టుకుంది. టీ ఒలికి బల్లంతా పారింది.

“అయ్యో, నా చెయ్యి పాడుగాను!”

ఉస్తాద్ ఓబులేసు చేతిలోంచి గురికాగితం తీసుకున్నాడు. దాన్ని తిప్పయినా చూడకుండా నలిపి, ఒలికిన టీ మీద వేసి, నింపాదిగా బల్ల తుడిచాడు.

టీ రంగు నాలుగు రంధ్రాల మీదికీ పాకుతోంది. ఓబులేసు కాగితం మీదినుంచి కళ్లు ఎత్తి ఆమె చెయ్యి చూశాడు. బొటనవేలి మొదట్లో వాచి, నల్లగా కమిలి ఉంది.

“ఎప్పటినుంచమ్మా?”

“మొదటిరోజు నుంచీ. ఇంటికి పోయి అన్నం చెంచాతోనే తింటున్నా.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వా కాగితం పట్టుకుని అంత సంబరపడుతుంటే ఎట్ల చెప్పేది నాయనా?”



“వాపు తగ్గనీ. తగ్గినాక ఒక్కరోజు రామ్మా” అన్నాడు ఓబులేసు. “ఆ ఒక్కరోజూ అయినాక నీ ఇష్టం.”

చెయ్యి నయమయ్యాక ఆమె వచ్చింది. ఒప్పుకున్న మాట నిలబెట్టుకుందామని వచ్చినట్టే ఉంది తప్ప, మొహంలో ఆశేమీ లేదు. ఉస్తాద్ వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఓబులేసు తనే బీరువా తెరిచి తెల్ల డబ్బా తెచ్చాడు. సుంకిరెడ్డి అక్కడే ఉన్నా, ఓబులేసు అతని వైపు చూడలేదు.

తులశమ్మ గురి చూసింది. పేలబోయే ముందే ఆమె భుజం బిగుసుకుంది. కళ్లు మూసుకుంది. రివాల్వర్ పేలి, కొంచెం కదిలి ఊరుకుంది. ఆమె కళ్లు తెరిచి, అంతేనా అన్నట్టు దాని వంక చూసింది. రెండోది కాల్చింది. మూడోసారికి భుజం దిగింది. అయిదోసారికి కళ్లు తెరిచే ఉన్నాయి.

ఓబులేసు చూపు అలవాటు కొద్దీ కాగితం మీదికే పోయింది. ఐదూ చెల్లాచెదరుగా అంచుల్లో ఉన్నాయి. నల్లచుక్కలో ఒక్కటీ లేదు.

తులశమ్మ ఖాళీ గొట్టాలు తీసేసి, రివాల్వర్ కింద పెట్టి, వేళ్లు ఒకసారి ముడిచి తెరిచి చూసుకుంది.

“ఇంకో ఐదు ఇస్తావా నాయనా?”

ఓబులేసు ఉస్తాద్ వైపు వంగి గొణిగాడు. “గురి మొత్తం చెదిరిపోయింది ఉస్తాద్.”

“ఆమె ఏమడుగుతోందో విను” అన్నాడు ఉస్తాద్.

మాధవీ, పేర్లు ఒకసారి సరిచూడు. వెక్కిరించినాయన సుంకిరెడ్డేనా, ఇంకెవరైనానా? తులశమ్మ పిన్నినే అడుగు. ఆదివారం ఇంటికి పోవద్దు, క్లబ్బులోనే ఉంటుంది.